భూమేశ్వర్ తెచ్చిన మాట

ఎంకవ్వ పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని ఫట్‌మని విరిచింది. చప్పుడు గట్టిగా వచ్చింది, అంటే బాగా ఎండింది. విరిగిన ముఖాన్ని అరచేతికి రాసి రంగు చూసుకుంది. ఆర్మూర్‌లోని ఈ షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఆమె పని ఇదే. పుచ్చు కొమ్ము ఒక్కటీ ఆమె చేయి దాటిపోలేదు. కూర్చునేది మాత్రం మడతపెట్టిన పాత ప్లాస్టిక్ సంచి మీద. మొగుడు భూమేశ్వర్ దుబాయ్ నుంచి బట్టలు నింపుకొచ్చిన సంచి అది.

ఇంకేం తెచ్చాడు మహానుభావుడు? ఒక మాట తెచ్చాడు.

"గాడ మసాలా గోదాంల మన పసుపే మోసిన. కుర్కుం అంటరు దాన్ని."

వాళ్ల ఊరు పెర్కిట్‌లో వాడకట్టంతా నవ్వింది. ఎడారిలో ఒంటెలు కాసొచ్చి కోతలు కోస్తున్నాడన్నారు. వాళ్లతో కలిసి ఎంకవ్వా నవ్వింది. "నీ కుర్కుం సల్లగుండ, జర నోర్మూయ్" అంది. భూమేశ్వర్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం లిదియా సద్దిడబ్బాతో వచ్చి పక్కన కూర్చుంది. పసుపును మిషన్‌లో పరీక్ష చేసే పిల్ల ఆమె.

"రోజూ కర్క్యుమిన్ కర్క్యుమిన్ అంటవ్, ఏంది బిడ్డా అది?"

"పసుపుల ఉండే రంగే అవ్వా. మందుల కంపెనోళ్లు గదే అడుగుతరు."

"గా పేరెవలు పెట్టిండ్రు?"

లిదియా ఫోన్‌లో వెతికింది. "అరబ్బీల నుంచి వచ్చిందట. గాడ పసుపును కుర్కుం అంటరట."

ఎంకవ్వ తినడం ఆపి ఆమె వైపు తిరిగింది. "మల్ల చెప్పు."

"కుర్కుం. గిట్ల రాస్తరు, చూడు."

ఎంకవ్వకు చదువు రాదు. అయినా ఆ వంకరలు ఎక్కడో చూసినవే. గబుక్కున లేచి, కిందున్న సంచి మడత విప్పింది. దాని మీది ఆకుపచ్చ అక్షరాల పక్కన ఫోన్ పెట్టి, ఒక్కో వంకరనూ వేలితో దిద్దింది.

అవే.

"అయ్యో, నిజమే చెప్పిండు బిడ్డా!" అని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తప్పయిందని చెబుదామంటే భూమేశ్వర్ ఏడీ? మూడేళ్ల కిందే దవాఖానలో పోయాడు.

ముఖం తుడుచుకున్నాక, షెడ్డులో ఆడవాళ్లందరికీ వినబడేలా అంది. "మా ఆయన ఒంటెలు గాయలే. పసుపు మోసిండు."

ఎవరూ నవ్వలేదు. ఆమె మళ్లీ పనికి కూర్చుంది, ఈసారి వట్టి బండ మీద. సంచి పక్కన పరిచి ఉంది, అన్నేళ్లు కూర్చున్న చోట అక్షరాలు సగం అరిగిపోయి.