పేరు పెట్టి పిలిచిన గొంతు

నేను ఒక సున్నపురాతి కొండచరియను. ఒకప్పుడు సముద్రం అడుగున గుల్లల పొడిగా పడి ఉన్నదాన్ని. ఏరు వచ్చి కోసి నిలబెట్టింది. కోసిందని జాలిపడకండి, అది కోయకపోతే నాకు ముఖమే లేదు. అంతటితో ఊరుకోక నా కడుపునూ తొలిచింది. ఆ బిలాల్లో ఏముందో నాకే తెలియదు. ఎవరి కడుపులోకి వాళ్లు ఎలా తొంగిచూసుకుంటారు చెప్పండి!

నాకు సొంత గొంతు లేదు. ఎవరు కేక వేస్తే ఆ కేకనే తిరిగి ఇస్తాను. బస్సుల్లో వచ్చేవాళ్లు అంచున నిలబడి తమ పేర్లు తామే అరుచుకుని మురిసిపోతుంటారు. పిచ్చి మాలోకం!

తేనె కోసం వచ్చే చెంచులు అలా అరవరు. నా ముఖాన వేలాడే పట్టులు కోయడానికి ఈదన్న నారతాడు కట్టుకుని దిగుతాడు. పైన ఆ తాడు పట్టేది అతని భార్య తమ్ముడు బయన్న. సొంత అన్నదమ్ముల చేతికి ఇవ్వరు. బావమరిదైతే అక్క బొట్టు కోసమైనా వదలడని వాళ్ల లెక్క. ఆ లెక్క నాకు భలే నచ్చుతుంది.

మొన్న ఎండాకాలం ఒక పొద్దున ఈదన్న దిగాడు. కింద ఏట్లో అన్నీ బండలే. పట్టు దగ్గర ఈగలు లేచాయి. అంతలో కిందనుంచి అచ్చం ఈదన్న గొంతు వినబడింది.

"బయన్నా, తాడు వదులు!"

బయన్న చేతులు సడలాయి. మూరెడు తాడు జారింది. అప్పుడు అతనికి తట్టింది. బావ తనను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. తాడు నడుముకు చుట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి పైకి లాగేశాడు.

"ఏంది బావా, తాడు వదలమంటివి?"

ఈదన్న పళ్ల మధ్య కరిచిపట్టిన కత్తి తీశాడు. "నేనా? నోట్లో కత్తి పెట్టుకుని ఎట్ట పిలుస్తాను?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఒట్టు, నేను కాదు! ఎవరూ అనని మాట నేనెలా అంటాను? అది నా బిలంలోంచి వచ్చింది. వస్తుంటే నాకూ భయమేసింది.

వెళ్తూ వెళ్తూ ఈదన్న అంచున నిలబడి గట్టిగా చెప్పాడు. "ఇంకమీదట నేను బామ్మర్దీ అంటేనే వదులు. పేరు పెడితే వదలొద్దు."

అయ్యో, అక్కడెందుకు చెప్పావయ్యా!

ఆ సాయంత్రం నా కడుపులో గొంతు మళ్లీ కదిలింది. మాటలు నేర్చే పిల్లలా మెల్లగా కూడబలుక్కుంటోంది. "బా... బామ్... బామ్మర్దీ."

వచ్చే ఏడు వాళ్లు కొత్త తాడుతో వస్తారు. తేనె లేనిదే వాళ్లకు గడవదు. చెబుదామంటే నాకు గొంతు లేదు. మీరెవరైనా ఆ పూటకు ఇటు వస్తే, మీ పేర్లు తర్వాత అరుచుకుందురు గానీ, "ఈదన్నా, దిగొద్దు" అని ఒక్క కేక వేయండి. తిరిగి అరవడం నేను చూసుకుంటాను.