నాలుగో బోల్టు

మా షెడ్డులో ఒక నియమం ఉంది. బోల్టు బిగించినవాడు దాని మీద గీత గీయకూడదు. ఇంకొకడు వచ్చి, పానా పెట్టి, బిగుతు చూసి, బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి తన రంగుతో ఒక గీత గీయాలి. తర్వాత ఎప్పుడైనా ఆ బోల్టు రవ్వంత తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది, కంటికి తెలిసిపోతుంది. నాది తెలుపు, వెల్డరుది ఎరుపు, పెయింటరుది నీలం, పొడుగుది పసుపు. నలుగురు మగాళ్ళు కూర్చుని బోల్టులకు సింగారం చేస్తున్నారని వీధిలోవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు. ఇరవై రెండేళ్ళలో మా చేతి మీదుగా వెళ్ళిన ఏ బండికీ చక్రం ఊడలేదు.

పొడుగు మెకానిక్కు కాదు, డ్రైవరు. తన పాత డీజిల్ పికప్పుకు పని ఉన్నప్పుడల్లా వచ్చేవాడు, పని లేనప్పుడూ వచ్చేవాడు, అలా వచ్చి వచ్చి మాలో ఒకడైపోయాడు. షెడ్డు తలుపు వాడి ఎత్తుకు చాలదు. వంగాలని వాడికి ఒక్కనాడూ గుర్తుండేది కాదు. నుదుటి మీద ఎప్పుడు చూసినా ఒక బొప్పి ఉండేది.

ఏడు నెలల కిందట, పట్టపగలు, తిన్నటి రోడ్డు మీద వాడి బండి పక్కకు లాగేసి బురద కాలువలోకి దొర్లింది. పొడుగు అక్కడికక్కడే పోయాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గట్టు మీదే నిలబడి చూసి, నిద్రమత్తు అని రాసుకుని వెళ్ళాడు. ఆయన బండి కింద పడుకుని చూడలేదు. బూట్లు కొత్తవి మరి.

ముందు రోజు సాయంత్రం ఆ బండి స్టీరింగ్ బాక్సు విప్పి, సీలు మార్చి, మళ్ళీ బిగించింది నేను. దాన్ని బండి అడుగు చట్రమైన ఛాసిస్‌కు పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. మూడు బిగించడం నాకు గుర్తుంది. మూడోదాని దగ్గర చెయ్యి జారి వేలు గీరుకుపోయింది, మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పుడే పొడుగు ఫోను మోగింది. వాడు నవ్వుతూ ఏదో మాట్లాడి, "తొందరగా కానియ్యరా, ఇంటి నుంచి పిలుపొచ్చింది" అన్నాడు. నాలుగోదాన్ని వేళ్ళతో తిప్పి ఎక్కించడం గుర్తుంది. పానాతో బిగించడం గుర్తు లేదు. షెడ్డులో ఇంకెవరూ లేరు కాబట్టి గీతలు గీయాల్సింది వాడే. గీశాడో లేదో గుర్తు లేదు. ఆ సాయంత్రాన్ని ఎన్నిసార్లు తిరగేసినా ఫోను దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత బండి వెనక దీపాలు గేటు దాటుతుంటాయి.

ఒక్క బోల్టు వదులైతే స్టీరింగ్ ఊడి చేతికి రాదు. కానీ గుంతలో చక్రం పడ్డప్పుడు బాక్సు కాస్త పక్కకు జరుగుతుంది, ఒక్క క్షణం బండి మన మాట వినదు. ఆ క్షణం చాలు.

ఇది నేను ఎవరితోనూ అనలేదు, ఇంట్లో ఆవిడతో కూడా. వాడు పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు. పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. వేలు తెగితే రక్తం చూసి తెగిందని తెలుసుకునేవాణ్ని. ఎవరైనా స్టీరింగ్ అన్న మాట ఎత్తితే మాత్రం, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా కళ్ళు నేల చూసేవి. వెల్డరూ పెయింటరూ కూడా నన్నేమీ అడగలేదు. మామూలుగా అయితే వాళ్ళు నేను తుమ్మినా కారణం అడిగే మనుషులు.

బండిని క్రేనుతో తెచ్చి షెడ్డు వెనక పడేశారు, పైన పట్టా కప్పాం. ఆరు నెలలు అలాగే ఉంది. ఒకరోజు పొద్దున పొడుగు భార్య వచ్చింది. ఆమె ఇంటి వెనక మొక్కల నర్సరీ నడుపుతుంది. ఆ మొక్కలనే పొడుగు ఊళ్ళకు చేరవేసేవాడు.

"అన్నయ్యా, బండి బాగుచెయ్యండి" అంది.

"అమ్మేద్దాం చెల్లెమ్మా. తుక్కు కింద ఎవరైనా తీసుకుంటారు" అన్నాను.

"అమ్మను. నేనే నడుపుతాను. నేర్చుకుంటున్నాను."

వెల్డరు తల గోక్కున్నాడు. "దాని స్టీరింగ్ తిప్పాలంటే మగాళ్ళకే రెక్కలు ఊడొస్తాయి. ఎలా నడుపుతావమ్మా?"

"అయితే తేలిగ్గా తిరిగేది పెట్టండి" అంది. "చేసేదేదో బాగా చెయ్యండి. మళ్ళీ మళ్ళీ చేయించుకునే ఓపిక నాకు లేదు."

అలా పవర్ స్టీరింగ్ ఖాయమైంది. అంటే పాత బాక్సు విప్పక తప్పదు. ఆరు నెలలుగా నేను తప్పించుకు తిరిగిన నాలుగు బోల్టుల దగ్గరికి ఆమె తెలియకుండానే నా చెవి పట్టుకుని లాక్కొచ్చింది. సరే అన్నాను. సరే అనడానికి పెద్దగా బలం అక్కర్లేదు.

ఇంజనుతో మొదలుపెట్టాం. దించి, విప్పి, లైనర్లు, పిస్టన్లు కొత్తవి వేశాం. పెయింటరుకు ఉన్నట్టుండి టర్బో పెడదామన్న సరదా పుట్టింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట అన్నాను. "ఇరవై మూడేళ్ళ ముసలి ఇంజనుకు టర్బో ఎందుకురా?" అంటే, "ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు చెల్లెమ్మ ఇబ్బంది పడకూడదు" అన్నాడు. టర్బో పెట్టాం. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చాయి. వెల్డరు సొట్టలన్నీ కొట్టి తిన్నగా చేస్తూ, రోజంతా తన అత్తగారి మీద జోకులు వేశాడు. మునుపు నేను వాటికి పడి పడి నవ్వేవాణ్ని. ఇప్పుడు ఎక్కడ నవ్వాలో తెలిసి, అక్కడ పళ్ళు బయటపెట్టేవాణ్ని. నా చేతులు పని చేస్తూనే ఉన్నాయి. అవి నావి కానట్టు, ఎవరో అద్దెకిచ్చినట్టు ఉండేవి.

బండి కింద అంతా ఆ కాలువ బురదే, ఎండి అట్ట కట్టింది. పని మొదలుపెట్టే ముందు కింద నీళ్ళు కొట్టి కడగడం మా అలవాటు. నేను ముందు భాగం కడగొద్దన్నాను. "అక్కడ వైరింగు ఉంది, పాడవుతుంది" అన్నాను. అక్కడ వైరింగు లేదని పిల్లాడికైనా తెలుస్తుంది. ఇద్దరూ సరే అన్నారు, ఒకరి మొహం ఒకరు కూడా చూసుకోలేదు. స్టీరింగ్ పని చివర చేద్దాం అన్నాను. దానికీ సరే అన్నారు.

టర్బోకు తగ్గట్టు డీజిల్ పంపును సరిచేయించడానికి నేను రెండు రోజులు వేరే ఊరు వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి కొత్త స్టీరింగ్ బాక్సు పెట్టె విప్పి బల్ల మీద సిద్ధంగా ఉంది.

"ఇవాళ ఇది కానిచ్చేద్దాం" అన్నాడు పెయింటరు. మామూలుగా పదకొండైతే కానీ షెడ్డుకు రాని మనిషి, తొమ్మిదికే వచ్చి చేతులు తుడుచుకుంటున్నాడు.

ఇంక చెప్పడానికి సాకు లేదు. లైటు పట్టుకుని బండి కిందికి జరిగాను. మొదటి బోల్టు మీద బురద గట్టిగా పేరుకుని ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిచి రాల్చాను. కింద పసుపు గీత ఉంది, లావుగా, వంకరగా. పొడుగు గీత అంతే, గోడకు సున్నం వేసినట్టుండేది. రెండోది రాల్చాను, ఉంది. మూడోదాని మీదా ఉంది. ఏదీ తెగలేదు.

నాలుగోదాని మీద బురద లేదు.

బండి అడుగంతా అరంగుళం మందాన బురద. అందులో ఆ ఒక్క బోల్టు చుట్టూ అరచేతి మేర తోమిన గిన్నెలా మెరుస్తోంది. దాని మీద పసుపు గీత, సన్నగా, తిన్నగా, అంచు చెదరకుండా ఉంది. మురికి ఇనుము మీద రంగు వెయ్యమంటే పెయింటరు చచ్చినా వెయ్యడు. ముందు గీకుతాడు, థిన్నరుతో తుడుస్తాడు, ఆరనిస్తాడు, ఆ తర్వాతే కుంచె ముడతాడు. అబద్ధం చెప్పడానికి వచ్చి కూడా వాడు శుభ్రంగా తుడిచే చెప్పాడు.

నేను అలాగే పడుకున్నాను. కోపం రాలేదు. ఏదైనా వస్తుందేమోనని కాసేపు చూశాను.

"ఏంరా, నిద్రపోయావా?" వెల్డరు గొంతు.

"గీతలున్నాయా?" అన్నాడు పెయింటరు, వెంటనే. వాణ్ని ఎవరూ అడగలేదు.

బయటికి జరిగి లేచి కూర్చున్నాను. "ఎప్పుడు గీశావు?"

పెయింటరు గుడ్డతో ఒక్కో వేలే తుడుచుకుంటున్నాడు.

"నువ్వు ఊరెళ్ళిన రోజు" అన్నాడు చివరికి. "చేతికి ముందు అందినదాని మీద బురద తీసి చూస్తే గీత లేదు. మిగతావి ముట్టుకోలేదు. నువ్వు చూస్తే తట్టుకోలేవనిపించింది."

"మరి పానా పెట్టి చూశావా?"

"లేదు."

"ఎందుకు?"

"భయమేసింది రా" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తిరిగితే నీకు మొహం ఎలా చూపించాలి?"

ఇరవై రెండేళ్ళలో మాలో ఎవడైనా పానా పెట్టకుండా గీత గీయడం అదే మొదలు.

వెల్డరు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇలా విను. ఆ బాక్సు ఎలాగూ తుక్కులోకే పోతుంది. నేను గ్యాసుతో కోసి పారేస్తాను, ఐదు నిమిషాల పని. బిగుతైతే ఏంటి, వదులైతే ఏంటి? పోయినవాడు తిరిగొస్తాడా?"

మాట బాగానే ఉంది. కోసేస్తే ఇక ఎప్పటికీ తెలియదు. తెలియకుండా ఏడు నెలలు బతికినవాణ్ని, ఇంకో ఇరవై ఏళ్ళు బతకలేనా అనుకున్నాను. సరే అనబోయాను కూడా. అప్పుడు తలుపు దగ్గర నీడ పడింది. సీటు ఎత్తు చూసుకోవడానికి వస్తానని ముందు రోజు చెల్లెమ్మ కబురు పెట్టిన సంగతి అందరం మరిచిపోయాం. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు.

"ఏమైంది?" అంది.

నేను పానా తీసుకుని మళ్ళీ కిందికి వెళ్ళాను.

నాలుగో బోల్టుకు పానా తగిలించి, బిగించే వైపు లాగాను. పెద్దగా బలం పెట్టలేదు. పానా పావు చుట్టు తిరిగింది. పసుపు గీత రెండుగా విడిపోయింది. ఒక ముక్క బోల్టుతో పాటు జరిగింది, ఇంకో ముక్క ఛాసిస్ మీద అక్కడే ఉండిపోయింది.

బయటికి వచ్చాను. "దొర్లినప్పుడు వదులయ్యిందేమో" అంటున్నాడు వెల్డరు. మిగతా మూడు ఎందుకు కాలేదో వాడికీ తెలుసు.

"చెల్లెమ్మా" అన్నాను. "ముందు రోజు స్టీరింగ్ బిగించింది నేను. ఒక బోల్టు బిగించలేదు. ఇప్పుడే చూశాను."

ఆమె నా చేతిలో పానా వైపు చూసింది. సీటు సంగతి అడగలేదు. తిరిగి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది, కనీసం ఎక్కడ తగిలిందో తెలిసేది.

నాలుగు రోజులు రాలేదు. మేం కొత్త బాక్సు పెట్టి, నాలుగు బోల్టులు ఎక్కించి, బిగించకుండా వదిలేశాం. ఎవరమూ ఆ మాట అనుకోలేదు, అయినా ముగ్గురం ఆగిపోయాం.

ఐదో రోజు పొద్దున్నే వచ్చింది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నేల మీద పడుకుని బండి కిందికి జరిగింది. "రండి అన్నయ్యా" అంది. నేనూ పక్కన జరిగాను. రెండు తలల మధ్య లైటు.

"బిగించండి. నేను చూస్తాను."

మూడు బోల్టులు బిగించాను. ప్రతిదానికీ ఆమె పానా పెట్టి, రెండు చేతులతో వేలాడి చూసింది. చూసి తల ఊపింది. నాలుగోది బిగించాను. పానా పెట్టి చూసింది.

"ఇంకా" అంది.

బిగుతుగానే ఉంది. అయినా ఇంకాస్త లాగాను.

"ఇంకా."

"ఇంతకంటే బిగిస్తే మర తెగుతుంది చెల్లెమ్మా."

ఆమె పానా వదల్లేదు. "ఆ రోజు ఫోను చేసింది నేనే" అంది, బోల్టునే చూస్తూ. "నారు ఎండిపోతోంది, తొందరగా రమ్మన్నాను. ఆయన గీతలు గీసి వస్తానన్నారు. మూడు గీశాను, ఇంకొకటి ఉందన్నారు. ఆ ఒక్క గీత కోసం ఆగాలా, రేపు గీసుకోండి అన్నాను."

మళ్ళీ పానా పట్టుకుని ఒళ్ళంతా బరువేసి లాగింది. బోల్టు కదల్లేదు. ఇంకోసారి లాగింది. కదల్లేదు. అప్పుడు పానా వదిలేసి ఏడ్చింది. నా వీపు కింద నేల చల్లగా ఉందని, మోచెయ్యి రాయి మీద ఒత్తుకుని నొప్పి పుడుతోందని అప్పుడు తెలిసింది. నేనూ ఏడ్చాను.

కాసేపటికి బయటి నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. పెయింటరుది. ఆ చేతిలో పసుపు డబ్బా ఉంది. ఆమె తీసుకుని, చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, నాలుగు గీతలూ గీసింది. అన్నీ లావుగా, వంకరగా వచ్చాయి. నాలుగోదాని చుట్టూ ఎవరూ తుడవలేదు.