చీకటి కిరాయికి ఇవ్వబడును

పొద్దుగూకితే ఆ వాడకు పోసవ్వే దీపం. బర్రె పాలు పిండి, కాళ్లు చేతులు కడుక్కొని వచ్చి ఇంటి ముందల అరుగు మీద కూసుంటది. చీకటి పడ్డకొద్ది ఆమె మొకం, మెడ, చేతులు మెల్లగ ఎలుగుతయి. కండ్లు చెదిరే ఎలుగేం కాదు, పసుపు నీళ్ల రంగుల, కందిలి దీపమంత. ఆడోళ్లు చాటలు తెచ్చుకొని ఆమె చుట్టు కూసొని, బియ్యంల రాళ్లు ఏరుకుంట లోకం మీది ముచ్చట్లన్ని పెడ్తరు. మడికి నీళ్లు కట్టబోయినోళ్లు ఆ ఎలుగు ఆనవాలు పట్టుకొనే ఇల్లు చేరుతరు. ఎందుకు ఎలుగుతదని ఎవలడుగుతరు? కొందరికి పిల్లి కండ్లుంటయి, కొందరికి ఆరు వేళ్లుంటయి, పోసవ్వకు ఎలుగున్నది. గంతే.

ఆమె తమ్ముడు ఆశన్న. తల్లి పోయిననాడు వాడు ఇంక సరిగ్గ నడక రాని పోరడు. పోసవ్వ పెండ్లి ఊసెత్తకుండ వాన్ని సాదింది. పదో తరగతి పరీక్షలప్పుడు కరెంటు పోతే, అక్క చేతిని పుస్తకం మీదికి గుంజుకొని చదివెటోడు. ఆమెకు నిద్ర ముంచుకొచ్చినా, చెయ్యి తిమ్మిరెక్కినా కదపకపోయేది. కదిపితే అక్షరాలు అలుక్కపోతయని ఆమె భయం. ఈ ముచ్చట ఆశన్నే ఊరంత చెప్పుకునెటోడు. ఈ మధ్యల చెప్పుడు బంద్ చేసిండు.

ఎందుకో చెప్తగని, ముందు యశస్వి సంగతి వినాలె. తాతల కాలంల కోస్తా నుంచి వచ్చి బాన్సువాడ దిక్కు కాలువ కింద భూములు కొనుక్కున్నోళ్ల పిల్ల. హైదరాబాద్‌ల నౌకరీ. సెలవు దొరికితే చుక్కల ఫోటోలు తీసుడే పని. ఆ ఫోటోలకు కటిక చీకటి కావాలె. వాళ్ల ఇంటి ముందలనేమో రైస్ మిల్లు లైట్లు. ఉండేటందుకు, చుట్టు చీకటున్న రూము కోసం బాన్సువాడంత తిరిగింది.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, రాత్రంత లైట్లుంటయి. జనరేటర్ గూడ ఉంది" అన్నడొక లాడ్జి ఆయన. ఫంక్షన్ హాలాయన ఇంకో అడుగు ముందుకేసి, కావాల్నంటే ఫోకస్ లైట్లు పెట్టిస్త అన్నడు. పాపం, పిల్ల తల పట్టుకున్నది.

ఎరువుల దుకాణం కాడ ఆమె గోడు విన్నది ఆశన్న. "చీకటా? మా చెరుకు చేన్ల కావాల్సినంత ఉంది. పందుల కావలికి కట్టుకున్న స్లాబు రూముంది. రాండ్రి" అన్నడు. అన్నంక నాలుక కరుసుకున్నడు. చేను ఇంటెనకనే. ఇంట్ల అక్క ఉన్నది.

అనుకున్నట్టే అయింది. యశస్వి స్లాబు మీద కెమెరా నిలబెట్టుకొని, "అంకుల్, ఆ ఇంటి ముందు లైటు ఆర్పించగలరా? సగం ఆకాశం పాడైపోతోంది" అన్నది.

ఆశన్న "అది లైటు కాదమ్మా, మా అక్క" అనాలె. అనలే. పట్నం పిల్ల ముందల సిగ్గయిందో, చేతికొచ్చిన బేరం పోతదని బుగులైందో గని, "వచ్చే అమాసకు బంద్ చేపిస్త మేడం" అన్నడు. సాదిన అక్కను బంద్ చేపిస్తడట!

అమాస దగ్గరికి రాంగనే అక్క పక్కన కూసున్నడు. "అక్కా, పిట్లంల బక్కమ్మ చిన్నమ్మ నిన్ను మస్తు యాది చేస్తుందట. ఫోన్ చేసింది. పోయి రెండు రోజులుండి రారాదు."

పోసవ్వ తమ్ముని మొకం చూసింది. "నన్నా? యాది చేస్తుందా?"

"ఆఁ, నిన్నే."

ఫోనూ లేదు, గీనూ లేదు. పోసవ్వ సంచిల చీరె పెట్టుకొని, గొంగడి భుజానేసుకొని పిట్లం బస్సెక్కింది. అప్పటి సంది ప్రతి అమాసకు గదే కత. బక్కమ్మకు ఒకపారి మోకాళ్ల నొప్పులు, ఒకపారి మనుమని పుట్టువెంట్రుకలు. అబద్ధాలకు కరువా? యశస్వి పదిమందికి చెప్తే చుక్కల పిచ్చోళ్లు ఇంకొందరొచ్చిన్రు. ఆశన్న తొవ్వల బోర్డు గూడ పాతిండు: చీకటి కిరాయికి ఇవ్వబడును. ఊరోళ్లు చదివి పడి పడి నవ్విన్రు. "ఆశన్నగారూ" అని పట్నమోళ్లు పిలుస్తుంటే ఎవలికి చేదు?

ఆయన పెండ్లాం సాయవ్వకే చేదు. "నువ్వు పది పాసైంది ఏ లైటు కింద? గా లైటునే ఇంట్లకెల్లి ఎల్లగొడ్తున్నవ్" అన్నది ఒకనాడు అన్నం వడ్డించుకుంట.

"ఎల్లగొట్టుడేంది? సుట్టమింటికి పోతుంది గంతే" అన్నడు. అన్నడు గని పళ్లెం పక్కకు జరిపిండు. అమాస రాత్రులు ఇల్లు బావి లెక్క ఉండేది. ఆడోళ్లు చాటలు పట్టుకొని వచ్చి, ఖాళీ అరుగు చూసి, ఏమనకుండ వాపస్ పోయెటోళ్లు. వాళ్లు తిట్టినా బాగుండేదని ఆశన్నకు అనిపించేది.

పుష్య మాసం అమాస వచ్చింది. చలి ఎముకలు కొరుకుతుంది. యశస్వి మళ్లొచ్చింది. బువ్వలు తిన్నంక స్లాబెక్కి కెమెరా పెట్టింది. ఆశన్న ఛాయ్ పట్టుకొని పోయిండు. మీద పిల్లలకోడి చుక్కల గుంపు, దాని చుట్టు లెక్క తెల్వనన్ని చుక్కలు.

"అంకుల్, వాగు వైపు ఊరేమైనా ఉందా?"

"లేదు మేడం. పాత ఇటుక బట్టి ఉంటది, గంతే."

"మరి ఇదేంటి? కంటికి కనపడట్లేదు గానీ కెమెరాకి దొరుకుతోంది."

ఆశన్న వంగి చూసిండు. కెమెరా అద్దంల, చెరుకు ఆకుల అవతల, నేలకు ఆనుకొని పసుపు నీళ్ల రంగు మసక. ఆ రంగు ఆయన పదో తరగతి పుస్తకాలల్ల ప్రతి పేజీ మీద ఉన్నదే.

"మద్నూర్ రోడ్డు లారీలై ఉంటయి" అన్నడు. ఇంకో అబద్ధం.

"లారీలైతే గీతల్లా సాగిపోతాయి అంకుల్. ఇది కదలట్లేదు. ఎవరో ఒక్కచోటే కూర్చున్నట్టుంది."

ఆశన్న స్లాబు ఎట్ల దిగిండో ఆయనకే తెల్వది. చెరుకుల పడి, ఆకులు చేతులు కోస్తుంటే ఆగకుండ వాగు దాంక ఉరికిండు. ఇటుక బట్టిల, కూలిన గోడ చాటుకు, నెత్తి మీదికెల్లి గొంగడి కప్పుకొని ముడుసుకొని కూసుంది పోసవ్వ. గొంగడి చిరుగులల్లకెల్లి ఎలుగు కారుతుంది.

అలికిడికి తలెత్తింది. "ఎవలు? తమ్మీ, నువ్వా? ఫోటో కరాబైందా? అన్ని దిక్కుల కప్పుకుంటిగద రా. ఇంకింత దూరం పోవాల్నా?"

ఆశన్న ఆమె ముందల కూలబడ్డడు. "పిట్లం పోలేదా అక్కా?"

"మొదటిపారి పోయిన. 'చెప్పకుండ ఎందుకొచ్చినవే' అన్నది చిన్నమ్మ. ఆమె పిలువలేదని గప్పుడే ఎరకైంది. అప్పటి సంది బస్సెక్కి, వాగు కాడ దిగుతున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నీ మొకం చిన్నగైతది గద, బిడ్డా."

ఆశన్న ఏడ్చిండు. నలుగురు చూసినా ఆపుకునేటట్టు లేడు. అక్క కాళ్లు పట్టుకుంటే రాళ్ల లెక్క సల్లగున్నయి. ఆమెను లేపి, గొంగడి నెత్తి మీదికెల్లి తీసి భుజాలకు కప్పి, చెయ్యి పట్టుకొని చేన్లకెల్లే తోలుకొచ్చిండు. పోసవ్వ స్లాబు దగ్గర ఆగిపోయింది. "ఆ పిల్ల చుక్కలు పోతయి రా" అన్నది.

యశస్వి కిందికి దిగొచ్చింది. ఆశన్న తల దించుకొని చెప్పిండు. "మేడం, ఆనాడు మీరు ఆర్పమన్నది మా అక్కను. నేను అబద్ధమాడిన. మా కాడ చీకటి లేదు."

ఆ పిల్ల మొకం మాడిపోయింది. "నేను... ఈమెనా ఆర్పమన్నది?" అన్నది. పోసవ్వ రెండు చేతులు పట్టుకున్నది. తర్వాత కెమెరా తెచ్చి, ఆ రాత్రి తీసిన ఫోటో చూపించింది.

పోసవ్వ అద్దం మీద వేలు పెట్టి, మెల్లగ జరుపుకుంట చూసింది. "గిన్ని ఉంటయా మీద? నాకు పెద్ద పెద్దయే కనవడ్తయి బిడ్డా. నా ఎలుగే నాకు అడ్డం." తమ్ముని దిక్కు తిరిగి, "నువ్వు మస్తు మంచి పని పెట్టుకున్నవ్ రా" అన్నది. ఆ మాటకంటే చెప్పు తీసుకొని కొట్టినా నయముండేది.

యశస్వి వాళ్లిద్దరిని చెరుకు ముందల కూసోబెట్టింది. "అమ్మ వెలుగు చాలు, వేరే లైటు వద్దు. ఫోటో పడటానికి చాలాసేపు పడుతుంది, నేను చెప్పేదాకా ఇద్దరూ కదలకండి." పోసవ్వ కదలలే. చెయ్యి కదపకుండ కూసునుడు ఆమెకు ఎప్పటి సంది అలవాటే.

తెల్లారి ఆశన్న బోర్డు పీకి పొయ్యిల పెట్టిండు. ఇప్పుడెవలన్న ఫోన్ చేస్తే, "మా అక్క ఇంట్లనే ఉంటది, ఇష్టమైతే రాండ్రి" అంటడు. కొందరు రారు. కొందరొస్తరు. పోసవ్వ అమాసనాడు గూడ అరుగు మీదనే ఉంటది, చాటలు మళ్లొచ్చినయి.

యశస్వి పంపిన ఫోటో స్లాబు రూముల గోడకున్నది. చెరుకు ఆకు ఆకు కనవడ్తది, మీద చుక్కలన్ని ఉన్నయి, నడుమ పోసవ్వ ముడతలతోసహా సాఫ్‌గ ఉన్నది. ఆమె పక్కన పొగ లెక్క ఏదో అలుక్కపోయి ఉంటది. వచ్చినోళ్లందరు అడుగుతరు, ఆ మసక ఏందని.

"గది నేనే. ఆమె పక్కన నిమ్మలంగ కూసోలేకపోయిన" అంటడు ఆశన్న.