కాటా బాబాయి రాసిన జవాబు

లారీ ముందు చక్రాలు కాటా ఎక్కాయి, తర్వాత వెనక చక్రాలు ఎక్కాయి. ఇనప పలక ఒకసారి మూలిగి సర్దుకుంది. కిటికీ వెనక కూర్చున్న మనిషి గాజు మీది దుమ్మును మోచేత్తో తుడిచి, ఎదుట పెట్టెలో అంకెలు నిలబడేదాకా చూశాడు. ఎడమ చెవిలో ఇయర్‌ఫోను ఉంది. కుడి చెవి డ్రైవర్లకు వదిలేశాడు.

“బాబాయ్, చీటీ ఇస్తావా, పాఠం అయ్యేదాకా ఉండమంటావా?” డ్రైవరు పైనుంచి అరిచాడు.

“ముందు ఇంజను ఆపరా. నీ బండి అలా వణుకుతుంటే అంకె ఎలా నిలుస్తుంది?”

ఆ కంకర క్రషర్లో అందరికీ ఆయన కాటా బాబాయే. యాభై నాలుగేళ్ళ మనిషి. కనుబొమ్మల్లో రాతిపొడి, చెవుల్లో రాతిపొడి. పొద్దున్నే తలంటుకుని వచ్చినా పది నిమిషాల్లో మళ్ళీ ముసలాడైపోతాడు. వయసులో ఉండగా పన్నెండేళ్ళు జాక్‌హేమర్ పట్టి రాళ్ళకు బెజ్జాలు వేశాడు. ఆ అదురుకి వేళ్ళ కొసలు చచ్చుబడిపోయాయి. ఫోను అద్దం కూడా ఆ వేళ్ళను మనిషి వేళ్ళుగా ఒప్పుకోదు. చిటికెన వేలొక్కటే కాస్త బతికుంది. కాలేజీకి రాసే జవాబులన్నీ దానితోనే.

అవును, కాలేజీయే. కొత్తగా వచ్చిన మేనేజరు డిగ్రీ లేనివాళ్ళకి ఆఫీసు కుర్చీలు కుదరవన్నాడు. కూతురు గబగబా ఒక ఆన్‌లైన్ కాలేజీలో చేర్పించింది. తీరా చూస్తే అప్పటికి మిగతా సబ్జెక్టులన్నీ నిండిపోయి, ప్రాచీన కళా చరిత్ర ఒక్కటే ఖాళీగా ఉంది. “బొమ్మలే కదా నాన్నా, చూసి రాసెయ్యడమే,” అంది కూతురు. భార్య అయితే వారం రోజులు ఆగకుండా నవ్వింది. రాళ్ళు పగలగొట్టుకునే మనిషికి కళలట, పైగా చరిత్రట! మొదట్లో ఆయనకూ అదంతా నవ్వులాటే. మూడో పాఠం వచ్చేదాకా.

మూడో పాఠంలో మేడం ఒక రాతిగోడ చూపించింది. చరియ కింద, వాన తగలని చోట, ఎర్రటి ఎద్దులు. ఒకదాని మీద ఇంకొకటి, తోసుకుంటూ పోతున్నట్టున్నాయి. ఎర్రమన్ను నూరి, కొవ్వు కలిపి గీశారట. ఎన్ని వేల ఏళ్ళ కిందటివో తేల్చలేదట. “వీటిని గీసినవాళ్ళని మనం ఏమీ అడగలేం. ఆ గోడ ఉన్నంత కాలమే వాళ్ళ మాట మనకు వినిపిస్తుంది,” అంది మేడం.

కాటా బాబాయి పాఠాన్ని అక్కడే ఆపేశాడు. ఆ ఎరుపు ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట అచ్చం అలాంటి ఎద్దుల మీద తన చేతులతో తొమ్మిది బెజ్జాలు వేశాడు. మధ్యాహ్నానికి ఆ చరియ మొత్తం కంకర అయిపోయింది.

ఇన్నేళ్ళూ ఆ సంగతి ఒక్కసారైనా తలపుకు రాలేదు. ఈ రెండు వారాలుగా మాత్రం పీక్కు తింటోంది. చిత్రమేమిటంటే, తలుచుకున్న ప్రతిసారీ ఆ జ్ఞాపకంలో తను కాస్త కాస్త మంచివాడవుతున్నాడు. మొదట గుర్తొచ్చినప్పుడు, తనూ ఆ రోజు వత్తి అంటించిన పెద్దాయనా, ఇద్దరూ నోరెత్తలేదు. నాలుగు రోజులకు, తను కొంచెం తటపటాయించాడు. నిన్నటికి, “ఆపు మామా!” అని గట్టిగానే అన్నాడు.

ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా జవాబు పంపాలి. మీరు కళ్ళారా చూసిన ఒక పాత గుర్తు గురించి రాయండి, అని ప్రశ్న. అంతా రాసేశాడు. చివరి రెండు వాక్యాలు ఇవి: ‘నేను ఆపమన్నాను. నాతో ఉన్న పెద్దాయన వినలేదు.’ అక్కడికొచ్చి చిటికెన వేలు ఆగిపోయింది. పంపబుద్ధి కాదు, చెరపబుద్ధీ కాదు.

ఆ పెద్దాయన బతికే ఉన్నాడు మరి. క్రషరు వెనక రెండు వీధుల అవతలే ఉంటాడు.

ఆయన తూటా మామ. క్వారీలో బెజ్జాల నిండా మందు తూటాలు కూరి వత్తి అంటించేవాడు కాబట్టి ఆ పేరు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. పనిలో చేరిన మొదటి రోజున ఎలా పిలవాలో తెలియక “మామా” అన్నాడు, అదే నిలిచిపోయింది. రాయి పేలే ముందు ఈయన చెయ్యి పట్టుకుని బండల చాటుకి పరిగెత్తించిన మనిషి. మూడు నెలలుగా మంచం దిగలేదని తెలుసు. ఇదిగో వెళ్తా అదిగో వెళ్తా అనుకోవడమే గానీ ఈయన గడప తొక్కింది లేదు. ఇప్పుడు మాత్రం, తనకు పనిపడింది కాబట్టి, భోజనాల వేళకు కాటా గదికి తాళం వేసి బయల్దేరాడు.

ఒక్కటే గది. కిటికీకి తడిగుడ్డ కట్టారు, అయినా గచ్చు మీద పొడి పేరుకునే ఉంది. మామ రెండు దిళ్ళకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకు గొట్టం, మంచం పక్కన గురగురమంటూ గాలి మిషను. భుజాలంటే అవీ! ఒకప్పుడు మందు పెట్టెలు రెండేసి మోసిన భుజాలు, ఇప్పుడు చొక్కా కొంకికి తగిలించినట్టున్నాయి.

“ఏరా, కాలేజీ కుర్రాడా!” అన్నాడు మామ. మాట మాటకూ గాలి కోసం ఆగుతున్నాడు. “పరీక్షలెప్పుడు?”

“ఉన్నాయిలే మామా. అది సరే, తూర్పు చరియ గుర్తుందా నీకు? ఎర్ర బొమ్మలు...”

మామ కిటికీ వైపు తిరిగాడు. “ఎద్దులు,” అన్నాడు. “ఒకటి మెడ తిప్పి వెనక్కి చూస్తుండేది.”

కాటా బాబాయికి ప్రాణం లేచి వచ్చింది. “అదే! ఆరోజు మనం ఆగాల్సింది. నేను చెప్పాను కదా మామా...”

“నువ్వా?” అందులో వెక్కిరింపు లేదు, మామ నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నేను కదరా అడిగింది. మేస్త్రికి చెప్పొద్దామా అన్నాను. నువ్వే, ‘పశువులు కాసే పిల్లలు గీసుంటార్లే, ఆకలేస్తోంది, కానీ మామా’ అన్నావు.”

మిషను గురగురమంటోంది. ఆ రోజు ఎండ, కడుపులో కాలుతున్న ఆకలి, తన నోట్లోంచి ఊడిపడ్డ ఆ మాట, అన్నీ ఒక్కసారిగా ఉన్నవి ఉన్నట్టు తిరిగొచ్చాయి. మామ చెప్పింది అక్షరాలా నిజం.

“పోనీలే,” అన్నాడు మామ. “నిప్పు పెట్టింది నేనేగా.”

‘అవును మామా, నేనే అన్నాను.’ నాలుగంటే నాలుగు మాటలు. అనేస్తే అయిపోయేది. కానీ నోటికి ఏం పోయేకాలం వచ్చిందో, “నీకు మతి తప్పింది మామా. చెప్పింది నేను, విననిది నువ్వు,” అన్నాడు.

మామ వాదించలేదు. “అంతేనేమోరా. ఈమధ్య నాకు ఏదీ సరిగా గుర్తుండటం లేదు,” అన్నాడు.

మామ భార్య మంచినీళ్ళ గ్లాసుతో వచ్చేసరికి ఈయన చెప్పులేసుకుంటున్నాడు. “అదేంటయ్యా, కూర్చోకుండానే?”

“కాటా దగ్గర బళ్ళు ఆగిపోయుంటాయత్తా.”

కాటా దగ్గర ఒక్క బండీ లేదు. గదిలో కూర్చుని ఎవరి మీద కోపమో తెలియక బల్ల మీది చీటీలన్నీ అటు దులిపి ఇటు దులిపాడు. అంతేనేమో అని మామే ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి? మూడింటికి చిటికెన వేలితో నొక్కాడు. జవాబు వెళ్ళిపోయింది.

మేడం అంత తొందరగా చదువుతుందనుకోలేదు. నాలుగున్నరకల్లా ఫోనులో ఆమె మెసేజి వచ్చింది. ‘ఇంత నిజాయితీగా ఎవరూ రాయలేదు. ఆ రోజు మీ మాట ఆ పెద్దాయన విని ఉంటే ఎంత బాగుండేది!’

చదివి తల దించుకున్నాడు. గదిలో ఎవరూ లేరు, అయినా దించుకున్నాడు. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది. లేవలేని మనిషి మీద, అందులోనూ వాదించని మనిషి మీద, తన తప్పు రుద్ది వచ్చాడు. ఇప్పుడు దానికి మెచ్చుకోళ్ళొకటి! దిద్దుదామని చూస్తే, పంపిన జవాబు మార్చడం కుదరదంది ఫోను. సరే. ఆరింటికి డ్యూటీ దిగి తిన్నగా మామ దగ్గరికే వెళ్ళాలి. మంచం పక్కన కూర్చుని, నేనే అన్నాను మామా అని చెప్పాలి. ఆ తర్వాత మేడానికి కూడా ఉన్నదున్నట్టు రాయాలి. అలా అనుకున్నాక గుండె మీంచి బరువు దిగినట్టయింది. తర్వాతొచ్చిన డ్రైవరుతో పరాచికాలు కూడా ఆడాడు.

అయిదుంపావుకి అత్త ఫోను చేసింది.

“మీ మామ వెళ్ళిపోయాడయ్యా,” అంది. ఏడవడం లేదు. “నిద్రపోతున్నాడనుకున్నాను. ఎంత లేపినా...”

కాటా మీద కంకర లారీ ఉంది. ఇరవై రెండు టన్నుల నాలుగు వందల కిలోలు. చీటీ రాసి, ముద్ర వేసి, కిటికీలోంచి ఇచ్చాడు. చేతులు వాటి పని అవి చేశాయి. ఆ తర్వాతే లేచాడు.

గదిలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరున్నారు. మిషను ఆపేశారు. మామ ముక్కుకు గొట్టం లేదు, బుగ్గ మీద దాని గీత మాత్రం ఇంకా పోలేదు. ఈయన పాదాల దగ్గర నిలబడ్డాడు. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉంది, వినాల్సిన మనిషి లేడు.

“నువ్వెళ్ళాక మంచం కిందినుంచి నాచేత ఒకటి తీయించాడు,” అంది అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. “వాడి పాఠాలకు పనికొస్తుంది, రేపు పంపించు అన్నాడు. ఎన్ని ఇళ్ళు మారినా మోసుకొచ్చాడయ్యా దాన్ని. ఎందుకంటే చెప్పేవాడు కాదు.”

“అత్తా,” అన్నాడు. “ఆరోజు కానీ మామా అన్నది నేనేనత్తా. నేనే అన్నాను.”

అత్త అయోమయంగా చూసింది. “ఏ రోజయ్యా?”

అత్త స్టూలు మీది గోనెగుడ్డ విప్పి పక్కకు తప్పుకుంది. జానెడు రాయి. దాని మీద పరిగెడుతున్న నాలుగు ఎర్రటి కాళ్ళు, సగం పొట్ట, ఆ పొట్ట పక్కనే రాయిని నిలువునా కోస్తూ జాక్‌హేమర్ తొలిచిన నున్నటి సగం బెజ్జం.