ఉఫ్ ఆయమ్మ మందు

దూది చుట్టను ఒడిలో పెట్టుకుని ఆయమ్మ చిన్న చిన్న ఉండలు చేస్తోంది. ఒక్కో ఉండ బొటనవేలి గోరంత. అంతకన్నా పెద్దదైతే మందంతా అదే తాగేస్తుంది, చిన్నదైతే వేలికి అతుక్కుంటుంది. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని, చూడక్కర్లేదు. అందుకే చేతులు దూది మీద, కళ్లు బల్ల మీది కాగితం మీద ఉన్నాయి.

ఆ ప్రభుత్వ బడిలో మెట్ల పక్కన, కింది అంతస్తులో ఉంది ఆ గది. తలుపు మీద ప్రథమ చికిత్స అని రాసి ఉన్నా అందరూ మందుల గది అనే అంటారు. ఒక ఇనప మంచం, దాని రెక్సిన్ చిరిగిన చోటల్లా ప్లాస్టరు ముక్కలు, ఒక తెల్ల బీరువా, చేతులు కడుక్కునే తొట్టి, గోడ మీద పిల్లల ఎత్తు కొలిచే గీతలు. ఆయమ్మ కళ్లజోడు కాడ విరిగి రెండేళ్లయింది, దానికీ ఆ ప్లాస్టరే చుట్టింది. పొట్టి మనిషి. అరచేతులు మాత్రం వెడల్పు, ఒకటో తరగతి పిల్ల మోకాలు మొత్తం అందులో ఇమిడిపోతుంది.

కాగితంలో నాలుగు లైన్లే ఉన్నాయి. బడి వేళల్లో, బడి ఆవరణలో, పిల్లల ఎదుట ఏ మతానికి చెందిన ప్రార్థన గానీ, మాట గానీ పైకి పలకనని హామీ ఇస్తున్నాను. కింద సంతకానికి చుక్కల గీత. మధ్యాహ్నం రెండింటికి విద్యాశాఖ ఆఫీసు గుమస్తా వచ్చి పట్టుకెళతాడు. సంతకం పెడితే రిటైరయ్యేదాకా ఇంకో పది నెలలు ఈ గది ఆమెది. పెట్టకపోతే కాదు. లెక్క అంత సులువుగానే ఉంది.

ఇంతా చేసి ఆమె చేసిన నేరం మూడు సెకన్లది. దెబ్బ తగిలి వచ్చిన బిడ్డకి గాయం కడుగుతుంది, దూదితో అద్దుతుంది, మందు రాస్తుంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని, "యేసయ్యా, ఈ బిడ్డకి నొప్పి తగ్గించు" అంటుంది. గుసగుసగా కాదు, ప్రసంగంలాగానూ కాదు. పక్క గదిలో ఉన్న మనిషిని కాస్త ఇటు రమ్మన్నట్టు అంటుంది. ఆ వెంటనే గాయం మీద ఉఫ్ అని ఊదుతుంది. అందుకే పిల్లలు ఆమెకి ఉఫ్ ఆయమ్మ అని పేరు పెట్టారు. మీరు ఏ ఇంటి పిల్లలని ఆమె ఎవరినీ అడగలేదు. ఎవరి చేతిలోనూ కరపత్రం పెట్టలేదు. చర్చికి రమ్మని ఎవరినీ పిలవలేదు, కట్టుకున్న మొగుణ్నే పిలవడం మానేసి చాలాకాలమైంది.

ఆ మొగుడు లేతు మెషీను మీద పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి ఆదివారం ఆమెని చర్చి మెట్ల దాకా దిగబెట్టి, బయట బెంచీ మీద పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. పొద్దున ఆమె తయారవుతుంటే కాగితం సంగతి మళ్లీ ఎత్తాడు.

"సంతకం పెట్టెయ్యవే. ఏం, మీ ఆయనకి చెవుడా? పైకి పిలవకపోతే రాడా?"

"మా ఆయనకి చెవుడు లేదు. ఉన్నదల్లా నీకే" అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. సంచి తగిలించుకుని బయలుదేరింది. నవ్వు మలుపు దాకా కూడా రాలేదు.

ఫిర్యాదు చేసింది మందుల షాపాయన. బడికి ఎదురుగానే షాపు, దాని మీదే ఇల్లు. కూతురు ఒకటో తరగతి, పై పళ్లు రెండూ ఊడిపోయిన పిల్ల. మొన్నామధ్య ఇంట్లో సైకిలు మీంచి పడితే ఆయన మందు తెచ్చాడు. పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. "ఇది కాదు నాన్నా. ఏతయ్య రాయి" అంది. ఏ మందు అడిగినా ఇట్టే తీసిస్తాడని ఆయనకి పేరు. ఏతయ్య అనే మందు వినడం అదే మొదటిసారి. లిస్టులన్నీ తిరగేశాడు. ఒక కంపెనీ ఏజెంటుని అడిగాడు, తెలీదన్నాడు. రెండో ఏజెంటు ఒక్క క్షణం ఆలోచించి పగలబడి నవ్వాడు. "ఏతయ్య కాదు సార్, యేసయ్య అయ్యుంటుంది. ఆ మందు మా కంపెనీ చెయ్యదు." కౌంటరు ముందున్న నలుగురూ నవ్వారు. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

చెడ్డవాడేం కాదు. బడికి వచ్చి మర్యాదగానే మాట్లాడాడు. ఆవిడ మంచిదేనండి, కానీ నా పిల్లకి ఏ దేవుణ్ని చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నేను కదా చూసుకోవాలి అన్నాడు. కాదనడానికి అందులో ఏముంది?

మొదటి గంటకి ముందు పెద్ద టీచరు గదిలోకి వచ్చింది. ఆయమ్మ కన్నా పదేళ్లు చిన్న. మంచం అంచున కూర్చుంది.

"చదివారా ఆయమ్మా?"

"చదివానమ్మా. నాలుగు లైన్లే కదా."

"నాకు ఇష్టమై ఇచ్చాననుకుంటున్నారా? ఇవాళ మీరు ఒక పేరు చెప్పి ఊదుతారు. రేపు ఇంకొకరు వాళ్ల దేవుడి పేరు చెప్పి ఊదుతారు. అన్ని ఇళ్ల పిల్లలూ వచ్చే బడి. ఎవర్ని ఆపను, ఎవర్ని వదలను?" గొంతు తగ్గించింది. "లోపల అనుకోండి, ఎవరు కాదన్నారు? ఆయనకి వినపడదా ఏంటి?"

"ఆయనకి వినపడుతుందమ్మా. బిడ్డకి వినపడదు కదా."

పెద్ద టీచరు లేచి తలుపు దగ్గరికి వేసింది. ఆదివారాలు వాళ్లిద్దరూ ఒకే చర్చి కప్పు కింద కూర్చుంటారు, ఆవిడ రెండో వరసలో, ఆయమ్మ తలుపు దగ్గర. బడిలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. "నన్ను చూడండి" అంది. "గేటు దాటగానే నా నమ్మకం నా లోపలే. సాయంత్రం దాకా ఒక్క ముక్క పైకి రాదు. అలవాటైపోతుంది."

ఆయమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. పెద్ద టీచరు దాన్ని ఫైల్లో పెట్టుకుని, పోతూ పోతూ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

నోరు మూసుకోవడం ఏమంత కష్టం కాదని ఆయమ్మ అనుకుంది. రెండో పీరియడ్లో ఆరో తరగతి కుర్రాడు ముక్కు నుంచి రక్తం కారుతూ వచ్చాడు. తల ముందుకి వంచి ముక్కు నొక్కి పట్టుకుంది. మాట నోటి చివరి దాకా వచ్చింది. దగ్గి మింగేసింది. రక్తం ఆగాక కూడా వాడు మంచం దిగకుండా కాసేపు ఆమె మొహంలోకి చూసి, "అంతేనా?" అన్నాడు. "అంతే, పో" అంది.

తర్వాత డ్రిల్లు మాస్టారు వేల్లో చెక్కపేడు దిగి వచ్చాడు. ఏ దేవుణ్నీ లెక్కచేయని మనిషి. పేడు తీసి మందు రాసి పంపించబోతే గుమ్మంలో ఆగాడు. "ఏంటి ఆయమ్మా, ఇవాళ సౌండు లేదు? బ్యాటరీ అయిపోయిందా?" అన్నాడు. కాగితం సంగతి ఆయనకి తెలియదు. ఆమె నవ్వి ఊరుకుంది.

ఆ మాట ఆమెకి ఎవరో పాస్టరుగారు నేర్పింది కాదు. ముప్ఫై ఏళ్ల కిందట ఆమెకీ ఒక కూతురు ఉండేది. ఆరేళ్ల పిల్ల, జ్వరంతో ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంది. డాక్టర్లు వచ్చేవాళ్లు, చూసేవాళ్లు, మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లు. వార్డు ఊడ్చే మనిషి ఒకామె పదో రోజున చీపురు గోడకి ఆనించి, పిల్ల పాదం పట్టుకుని, పైకే ఆ ఒక్క మాట అంది. మళ్లీ చీపురు తీసుకుని పక్క మంచం కింద ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది. పిల్ల కళ్లు తెరిచింది. "ఎవరితో మాట్లాడిందమ్మా? ఎవరైనా వచ్చారా?" అని అడిగింది. వచ్చారమ్మా అంది తల్లి. పిల్ల బతకలేదు. కానీ మిగిలిన ఆ ఒక్క రోజూ భయపడలేదు. అప్పటిదాకా దేవుడి ఊసే లేని ఆయమ్మకి ఆ రోజు నుంచి ఇంకో ఊసు లేదు. పాఠాలూ వాదాలూ ఆమెకి ఇప్పటికీ రావు. భయపడ్డ బిడ్డకి, పక్కన ఇంకెవరో ఉన్నారని చెవికి వినపడాలి. ఆమెకి తెలిసింది అంతే.

ఇంకొకటి కూడా ఉంది. పిల్లలకి ఆమె అబద్ధం చెప్పదు. టీకాలు వేసే రోజున టీచర్లందరూ చీమ కుట్టినట్టే ఉంటుందని ఊరడిస్తుంటే ఆమె మాత్రం, "నొప్పి పుడుతుంది. పది అంకెలు లెక్కపెట్టేసరికి పోతుంది. నేనిక్కడే ఉంటా" అంటుంది. అందుకే పిల్లలు ఆమె చెయ్యి పట్టుకోడానికే వరస కడతారు.

పన్నెండున్నరకి అన్నం గంట కొట్టారు. అది కొట్టిన రెండు నిమిషాలకి మందుల షాపాయన కూతురు కుంటుకుంటూ వచ్చింది. మెట్ల మీంచి దూకిందట. మోకాలు చెక్కుకుపోయి మట్టి అంటింది. ఏడవడం లేదు, పెదవి బిగబట్టుకుంది. ఆయమ్మ ఎత్తి మంచం మీద కూర్చోబెట్టింది, గాయం కడిగింది, అద్దింది, మందు రాసింది, ఉఫ్ అని ఊదింది.

పిల్ల కాలు కిందకి దించలేదు.

"ఏతయ్య రాయలేదు" అంది.

"రాశాను కదమ్మా."

"ఇది తెల్ల మందు. నేను అడిగేది ఏతయ్య."

ఆయమ్మ తలుపు వైపు చూసింది. వరండాలో ఎవరూ లేరు. మూడు సెకన్ల పని. కానీ సంతకం పెట్టింది, మాట ఇచ్చింది. పైగా ఈ పిల్ల ఆయన పిల్ల. ఏం చెప్పాలో తోచలేదు. తోచకముందే నోరు చెప్పేసింది.

"అయిపోయిందమ్మా."

"మొత్తం?"

"మొత్తం."

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. ఏం కనపడిందో ఏమో, ఆమె వెడల్పాటి చెయ్యి మీద తన చెయ్యి వేసి తట్టింది. "పర్లేదులే ఆయమ్మా. అంత నొప్పి లేదు" అంది. మంచం దిగి కుంటుకుంటూ ఇంటికి అన్నానికి వెళ్లిపోయింది.

ఆయమ్మకి సిగ్గేసింది. కోపం కాదు, భయం కాదు, ఒట్టి సిగ్గు. ఊరుకోవడం వేరు. సంతకం పెట్టింది ఊరుకుంటాననే గానీ, లేడు అంటానని కాదు. కానీ ఊరుకుంటే పిల్లలు అడుగుతారు. అడిగితే ఏదో ఒకటి చెప్పాలి. రేపూ చెప్పాలి, ఎల్లుండీ చెప్పాలి. అన్నం డబ్బా తెరవలేదు. బీరువా సర్ది, తొట్టి కడిగి, ఒంటి మీది తెల్ల కోటు విప్పి మడత పెట్టింది.

పెద్ద టీచరు గదిలో తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది.

"ఏమైంది? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ అనలేదమ్మా. నేనే అన్నాను. అయిపోయాడని అన్నాను."

పెద్ద టీచరుకి అర్థం కాలేదు. ఆయమ్మ జరిగింది చెప్పింది. విని ఆవిడ చిన్నగా నవ్వబోయి ఆగింది. "చిన్నపిల్ల ఆయమ్మా. సాయంత్రానికి మర్చిపోతుంది."

"నేను మర్చిపోనమ్మా."

"పది నెలలే కదా. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది."

"ఆ నాన్న తప్పు లేదు, పిల్ల ఆయనది. మీ తప్పూ లేదు. నా నోరే ఈ గదికి సరిపోదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. అక్కడున్న తెల్ల కాగితం మీద పని మానేస్తున్నానని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టింది. పొద్దుటిదానికన్నా త్వరగానే పెట్టింది. ఆ తర్వాత పని అప్పగించింది. ఐదో తరగతిలో సొట్టబుగ్గల కుర్రాడికి ప్లాస్టరు పడదు, గుడ్డ కట్టే కట్టాలి. మూడులో పొడుగు జడల పిల్ల రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోతుంది, మొహం కిటికీ వైపు తిప్పాలి. దూది ఉండలు గోరంత చెయ్యాలి. పెద్ద టీచరు మొదటి రెండూ రాసుకుంది. మూడోది రాసుకోలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

ఆటస్థలంలో పిల్లలు అరుచుకుంటున్నారు. ఆయమ్మ వెనక గేటు నుంచి వెళ్లింది. కాపలా మనిషి ఇంత పెందలాడే ఎక్కడికి అని అడిగితే, "ఇంటికి" అంది.

ఒంటిగంటన్నరకి పెద్ద టీచరు మందుల గదికి తాళం వేయడానికి వచ్చింది. మందుల షాపాయన కూతురు అప్పటికే మంచం మీద కాళ్లూపుతూ కూర్చుని ఉంది. చేతిలో చిన్న గుండ్రటి డబ్బా.

"ఆయమ్మ ఏది?"

"ఇంటికెళ్లింది. నీకేం కావాలి?"

"నాకేం వద్దు. ఆయమ్మకే. ఏతయ్య అయిపోయిందంట, పాపం. నాన్నని అడిగి తెచ్చా."

"నాన్న ఇచ్చారా?"

"ఆయమ్మ దగ్గర మందు అయిపోయిందంటే ఇచ్చాడు. మంచిది చూసి ఇచ్చాడు." పిల్ల డబ్బాని బల్ల మధ్యలో పెట్టి, మోకాలు ముందుకి చాపింది. "మీకు రాయడం వచ్చా టీచర్?"

పెద్ద టీచరు మోకాళ్ల మీద కూర్చుని ఆ గాయం చూసింది. నోరు తెరిచింది. అంతలో మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్ల గబుక్కున దిగి, "రేపు వస్తాలే" అంటూ తరగతికి పరిగెత్తింది.

ఆవిడ లేచి, తాళం వేసుకుని వెళ్లిపోయింది. లోపల బల్ల మీద మూత సీలు విప్పని కొత్త డబ్బా ఒకటి ఉంది. దాని చుట్టూ ఎర్రటి చిన్న అక్షరాల్లో, పైపూతకు మాత్రమే, లోపలికి తీసుకోరాదు అని ఉంది.