తమ్ముడి కంచం

తల్లి పోయేనాటికి అక్క ఇంకా పరికిణీ కట్టే పిల్ల, తమ్ముడు అయిదేళ్ళవాడు. గాలేస్తే పడిపోయేలా ఉంటాడని వీధంతా వాణ్ణి ‘పుల్ల’ అని పిలిచేది. అక్క నాలుగిళ్ళలో వంటపని చేసి, గిన్నెల అడుగున మిగిలింది తెచ్చి వాడికి పెట్టేది. ఒక్కోరోజు అదీ దొరికేది కాదు. నీళ్ళు తాగి పడుకున్న వాడి లోతుకుపోయిన డొక్క చూస్తూ, నాకంటూ ఒక పొయ్యి ఉన్ననాడు వీడి కంచం ఖాళీగా ఉండనివ్వను అని మనసులో ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు తప్పలేదు. ఇప్పుడామె ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటామె. తమ్ముడు బస్సు డ్రైవరు, పెళ్ళయ్యాక కూడా భార్యతో అక్క దగ్గరే ఉంటున్నాడు. పొట్ట స్టీరింగుని తాకుతున్నా వాడి పేరు మాత్రం పుల్లే. ‘మా పుల్ల దుంగైపోయింది’ అని డిపోలో నవ్వుకుంటుంటే అక్కకి అది పొగడ్తలా వినిపించేది. ఇంట్లో వంట ఎవరు చేసినా వడ్డన ఆమెదే. వాడు చాలని చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించేది. అన్నం, వేపుళ్ళు కాస్త తగ్గిద్దాం వదినా అని మరదలు ఒకసారి నోరు తెరిస్తే, “నా తమ్ముడి కంచం మీద నీ దిష్టేంటమ్మాయ్?” అంది. ఆ పిల్ల మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఒక ఉదయం బస్సును స్టాపులోకి తిప్పుతుంటే పుల్లకి పక్కనున్న స్తంభం కనిపించలేదు. ఎడమ కంటి ముందు నల్లటి చార ఒకటి ఈదుతున్నట్టు ఉందట. అద్దం పగిలింది గానీ, అదృష్టం బాగుండి మనుషులకేమీ కాలేదు. డిపోవాళ్ళు ఆస్పత్రికి పంపారు. షుగరు ఎప్పటినుంచో ఉందని, అది కంటిలోపలి సన్నటి రక్తనాళాల దాకా పాకిందని డాక్టరమ్మ చెప్పింది. బస్సు నడపడం ఆపించారు. కంటికి వైద్యం మొదలుపెట్టారు.

తిండి సంగతి చెప్పడానికి ఇంట్లో వడ్డించేదెవరని అడిగింది డాక్టరమ్మ. అక్క గొప్పగా ముందుకు జరిగింది. ఖరీదైన పొడులేవీ కొనక్కర్లేదంది డాక్టరమ్మ. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి, మిగిలిన సగంలో కొంచెం అన్నం, కొంచెం పప్పో గుడ్డో పెట్టాలి, ఉప్పు, నూనె తగ్గించాలి, తీపి మానాలి, రోజూ నడవాలి. ఇంతే. ఈ పని పదేళ్ళ క్రితమే మొదలుపెట్టి ఉంటే కన్ను ఇంతదాకా వచ్చేది కాదేమోనని కూడా అంది. ఆవిడ మామూలుగానే చెప్పింది. అక్క మాత్రం తన చేతుల వంక చూసుకుంది. చేతులారా పెంచినవాణ్ణి చేతులారా పాడుచేశానా?

మరదలు ఒక్క దెప్పుమాట అనలేదు. అని ఉంటే బాగుండునని అక్కకి అనిపించింది.

మర్నాటినుంచి వంట మారిపోయింది. సంత సర్దేసే వేళకి వెళ్తే గుమ్మడి, సొరకాయ, ఆకుకూరలు చవగ్గా వచ్చేవి. పొద్దున్నే నానబెట్టిన శనగలు సాయంత్రానికి ఉడికేవి. కానీ పుల్లకి ఆ తిండి సయించేది కాదు. కంచంలో తెల్లగా కనబడే ఆ గుప్పెడు అన్నాన్ని చూసి మొహం ముడుచుకునేవాడు. రెండు ముద్దలు తిని లేచి, తలుపు దబామని వేసుకుని వెళ్ళిపోయేవాడు. అయినా షుగరు దిగలేదు. ఇంట్లో తినట్లేదు, ఒళ్ళూ తగ్గట్లేదు, ఇదేం విడ్డూరమని మరదలు తల పట్టుకుంది.

ఆ విడ్డూరమేమిటో అక్క కంటబడింది. క్యాంటీన్ నుంచి వస్తుండగా, డిపో వెనక బేకరీ పక్క సందులో పుల్ల నిలబడి ఉన్నాడు. గోడవైపు తిరిగి, భుజాలు ముడుచుకుని, తీపి బన్ను గబగబా మింగుతున్నాడు. చిన్నప్పుడు అచ్చం అలాగే తినేవాడు, ఎవరైనా లాక్కుంటారేమోనని. అక్క పిలవలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

సాయంత్రం వడ్డనకి గరిటె తీసుకొచ్చి, వాడి ఎదురుగా కూర్చుంది.

“ఇవాళ సందులో చూశాన్రా నిన్ను” అంది. “తిట్టడానికి రాలేదు. గోడవైపు తిరిగి ఎందుకు తింటున్నావురా?”

వాడు నేలచూపులు చూస్తూ అన్నాడు. “కంచంలో అన్నం తక్కువ కనిపిస్తే భయమేస్తుందక్కా. ఆకలి కాదు. ఇక రేపు ఉండదేమో అనిపిస్తుంది. ఇంత మనిషిని, ఎవరితో చెప్పుకోను?”

“నాదీ ఆ భయమేరా. అందుకే వద్దన్నా వడ్డించా.”

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న మరదలు లోపలికెళ్ళింది. కూర గిన్నె, శనగల గిన్నె, అన్నం గిన్నె అన్నీ తెచ్చి మూతలు తీసి పుల్ల ముందు పెట్టింది. “ఇవన్నీ మనవే. ఎవరూ తీసుకుపోరు. కూరలు ఎంత కావాలంటే అంత పెట్టుకో. అన్నం గరిటెతో ఒక్కసారే. నీ చేత్తో నువ్వే వడ్డించుకో” అంది. అని వదినగారి వైపు చెయ్యి చాపింది.

గరిటె తనే పట్టుకుని ఉన్నట్టు అక్కకి అప్పుడు గానీ తెలియలేదు. ఇచ్చేసింది. ఒంట్లోంచి ఏదో ఊడబెరికినట్టయింది.

ఆ రోజునుంచి ముగ్గురిదీ ఒకే వంట. పుల్ల ఒక్కసారిగా మారిపోలేదు. రెండుసార్లు మళ్ళీ బేకరీకి వెళ్ళాడు. ఇంటికొచ్చి తనే చెప్పాడు. మూతలు తీసిన గిన్నెలు ఎదురుగా ఉంటే నెమ్మదిగా నమలడం అలవాటైంది. శనగల్లో నిమ్మకాయ పిండుకుంటే బాగుందని తనే కనిపెట్టి, అదేదో తన సొంత వంటన్నట్టు చెప్పుకున్నాడు. షుగరు దిగుతూ వచ్చింది. ఒళ్ళు కూడా తేలికపడింది.

కానీ ఎడమ కంటికి పోయిన చూపు తిరిగి రాలేదు. కుడి కన్ను నిలబడింది, అదే పదివేలనుకోండి అంది డాక్టరమ్మ. జనంతో నిండిన బస్సు వాడి చేతికి మళ్ళీ ఇవ్వలేదు. డిపో షెడ్డులో పార్టులు అందించే పని ఇచ్చారు. మొదట్లో బస్సులు బయటికి వెళ్ళే వేళకి వాడు షెడ్డు లోపలికి తప్పుకునేవాడని మరదలు చెప్పింది. ఆ రోజు అక్క కంచం ముందు నుంచి లేచిపోయింది. నీ తప్పేముందక్కా, ప్రేమతోనేగా పెట్టావు అని తమ్ముడే ఓదార్చాడు. ప్రేమతోనే పెట్టానన్న మాటే తనని నిద్రపోనివ్వడం లేదని అక్క చెప్పలేదు.

ఇప్పుడు సాయంత్రం పని దిగాక అక్కాతమ్ముళ్ళిద్దరూ నడకకి వెళ్తారు. వాడు షెడ్డు కబుర్లు చెబుతూ వడివడిగా నడుస్తాడు, ఆమె ఆయాసపడుతూ అందుకుంటుంది. రోడ్డు దాటేచోట మాత్రం వాడు ఆగుతాడు. అక్క వాడికి ఎడమవైపుకి వెళ్ళి, వచ్చే బళ్ళను చూసి, మోచెయ్యి పట్టుకుని అవతలికి దాటిస్తుంది.