ఖాళీ లేని వైపు

నేను ఒక రేకు బోర్డును. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, పైన రెండు చిల్లులు, వాటిలోంచి దూర్చిన ఇనుప తీగ. ఇదే నా ఆస్తి. ఎడమ మూల ఒక పెద్ద సొట్ట కూడా ఉంది. చూసినవాళ్లు ఎక్కడో కింద పడిందనుకుని జాలిపడతారు. నేను పడలేదు. దెబ్బ తిన్నాను. ఆ దెబ్బ ఎలా తిన్నానో చెబితే మీరు జాలి మానేసి ఈర్ష్యపడతారు.

పుట్టుకతో నేను వేరుశనగ నూనె డబ్బాను. నూనె అయిపోయాక పాత సామాన్లవాడి గంపలోకి చేరాను. బోర్డులు రాసే రహంతుల్లా నన్ను అక్కడ ఏరుకుని, కత్తిరించి, సుత్తితో చదును చేసి, రెండు వైపులా తెల్లరంగు పూశాడు. ఒకవైపు నీలం అక్షరాలతో 'గదులు ఖాళీ ఉన్నవి' అని రాశాడు. రెండోవైపు ఎర్ర అక్షరాలతో 'గదులు ఖాళీ లేవు' అని రాసి, ఒక్కో అక్షరానికీ పనిగట్టుకుని నీడ కూడా దిద్దాడు.

"ఈ పక్క తిప్పే దినం మంచి దినం గదమ్మా, అందంగా ఉండాల" అంటూ నన్ను పంకజమ్మ చేతికిచ్చాడు.

పంకజమ్మది నెల్లూరు వైపు. భర్తతో కలిసి ఎర్రకోనపాళెం వచ్చి, బస్టాండు ఎదుట ఒక మిద్దె అద్దెకు తీసుకుని ఆరు గదుల లాడ్జి పెట్టింది. ఊరి పక్క కోనలో ఒక జలపాతం ఉంది. వానలు పడితే ఆ రెండు నెలలూ చూసేవాళ్లు వస్తారు. వానలు పోతే జలపాతమూ పోతుంది, చూసేవాళ్లూ పోతారు. మూడో ఏడు భర్త కూడా పోయాడు. ఆమె మాత్రం పోలేదు. దుప్పట్లు ఉతకడం దగ్గర్నుంచి దీపాలు మార్చడం దాకా తనే చేసుకుంటూ లాడ్జిని నెట్టుకొచ్చింది. నేను గుమ్మం మీద వేలాడుతూ అంతా చూశాను. ఎండకు నా నీలం అక్షరాలు వెలిసి బూడిద రంగుకు దిగాయి. గోడవైపున్న ఎర్ర అక్షరాలు మాత్రం రాసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆరు గదులూ ఏనాడూ నిండలేదు మరి.

ఇక్కడ మనుషుల విడ్డూరం ఒకటి చెప్పాలి. ఏటా వైశాఖంలో ఆ ఊళ్లో ఎర్రకోన గంగమ్మ జాతర ఎనిమిది రోజులు జరుగుతుంది. ఇసుక వేస్తే రాలనంత జనం. మగవాళ్లు చీరలు కట్టి, ముఖానికి గంధమూ కుంకుమా పూసుకుని, రోజుకో వేషంతో నా కిందనుంచే ఊరేగుతారు. సరిగ్గా ఆ వారమే మా లాడ్జికి తాళం పడేది. కారణం కట్టుబాటు. మొదటి మంగళవారం పొద్దు వాలే వేళకు చెంగయ్య డప్పు కొట్టి చాటింపు వేస్తాడు. ఆ తరవాత ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి గడపకూడదు. పైఊరివాళ్లు ఊళ్లో నిద్ర చేయకూడదు, ఆఖరి బస్సుకు వెళ్లిపోవాలి. నిద్రే చేయకూడదంటే ఇక లాడ్జి ఎందుకు? అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుండేది మా బతుకు. పంకజమ్మ ఏటా చాటింపుకు ముందే సంచి సర్దుకుని నాయుడుపేటలో అక్క ఇంటికి వెళ్లిపోయేది. అన్నేళ్లుగా ఉంటున్నా ఒక్క జాతరా చూడలేదు. ఎవరైనా అడిగితే "ఈ ఊళ్లో అట్లా పద్ధతి" అనేది. ఎప్పుడూ 'ఈ ఊరు' అనే అనేది.

పదో ఏడు చాటింపు రోజు మధ్యాహ్నం ఆమె తాళం వేసి వెనుదిరిగేసరికి, బస్సు దిగిన ఒక బట్టతల పెద్దాయన నేరుగా వచ్చి నా కింద నిలబడ్డాడు. పేరు భానుమూర్తి. తెనాలిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. జాతర వేషాలను బొమ్మలు గీసుకుందామని వచ్చాడు.

"ఎనిమిది రోజులకి గది కావాలండీ."

"గదుల్లేవు సార్."

ఆయన తలెత్తి నన్ను చదివాడు. తాళం చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. నాకు అంత సిగ్గు ఏనాడూ వేయలేదు.

పంకజమ్మ కట్టుబాటు సంగతి చెప్పింది. ఆయన సంచి దించి గుమ్మం పక్కన పెట్టాడు. "డప్పు మోగేది సాయంత్రం కదండీ. నేను ఇప్పుడే వచ్చేశాను. మోగేటప్పటికి ఊళ్లోనే ఉంటాను. అప్పుడు నేను పైవాణ్ణా, ఊరివాణ్ణా?"

ఆమె తన సంచి అక్కడే వదిలి వీధి దాటింది. ఎదుటి టీ కొట్టు పొయ్యి సెగకు డప్పు కాచుకుంటున్న చెంగయ్యను అడిగింది.

"దీంట్లో అడిగేదానికి ఏముండాదిమ్మా? చాటింపు చెవిన బడినోడు ఊరోడే. మా తాత యాడోడనుకున్నావు? సంతకు ఎద్దుల్ని తోలకపోతా ఈడ ఆగినాడు. చాటింపు ఇన్నాడు. ఎనిమిది దినాలు కదలనీలా. తొమ్మిదో దినం ఆయనకే పోబుద్ధి గాలా!"

అంతలో దొరస్వామి నాయుడు వచ్చాడు. గంగమ్మ గుడి ధర్మకర్త ఆయనే, మా మిద్దె యజమానీ ఆయనే. సంగతి విని మొహం గంటు పెట్టుకున్నాడు. "అమ్మవారి కట్టుబాటులో సందులు ఎతకొద్దు. ఇద్దురూ బస్సెక్కండి" అన్నాడు. ఇద్దరూ ఎక్కారు. ఎక్కబోయే ముందు మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి, మునివేళ్ల మీద లేచి, నా అంచున తన ఫోను నంబరు రాసిపోయాడు.

మరుసటి ఏడు మాఘంలో నాయుడు వచ్చి ఒకే మాట చెప్పాడు. మామిడి వ్యాపారులు పెట్టెలు దించుకోవడానికి మిద్దె అడుగుతున్నారట. పంకజమ్మ ఖాళీ చేయాలి. తన బతుకంతా ఆ ఆరు గదుల్లోనే ఉంది. ఆమె ఏడవలేదు, ఒకటే అడిగింది. "జాతర దాకా ఉండనీయండి నాయుడుగారూ." ఆయన సరే అన్నాడు. ఆయన వెళ్లగానే ఆమె స్టూలెక్కి, నా అంచున చెరిగిపోవస్తున్న అంకెలు చదువుకుని ఫోను చేసింది.

వచ్చేవాళ్లకు సౌకర్యాల గొప్పలు చెప్పడమే లాడ్జీలవాళ్ల అలవాటు. ఈవిడ మాత్రం ఇబ్బందులన్నీ ముందే ఏకరువు పెట్టింది. మంగళవారం మధ్యాహ్నానికల్లా రావాలి. ఎనిమిది రోజులు పొలిమేర దాటకూడదు. పిల్లలకు అమ్మవారు పోసినప్పటి ఇంట్లోలాగే ఊరంతటా తాలింపు నిషేధం, కాబట్టి చప్పిడి కూడే తినాలి. తోమాలలు కట్టాలి, వీధి కడగాలి, చెప్పిన పని చేయాలి. అవతల మాస్టారు పకపకా నవ్వి, "ఇవన్నీ రాసి పంపండి, మావాళ్లకి చూపిస్తాను. చూసి వెళ్లిపోయే జాతరలు ఎక్కడైనా ఉన్నాయమ్మా. ఉండిపోయే జాతర ఎక్కడుంది?" అన్నాడు.

చాటింపు రోజు మధ్యాహ్నానికి మాస్టారుతో కలిపి పదకొండు మంది వచ్చారు. ఆరు గదులూ నిండాయి. లాడ్జిలో అంతమందికి వండే వసతి లేదు కాబట్టి పూటకో ఇంటి నుంచి భోజనం కుదిరింది. ఇన్నాళ్లూ పంకజమ్మను పలకరించడానికి తీరిక లేని వీధి ఆడవాళ్లు "మా ఇంటికి ఎంతమంది, మా ఇంటికి ఎప్పుడు" అని పోటీపడ్డారు. కోనకు జీపులు తోలేవాళ్లు, వేసవి అంతా కునుకు తీసేవాళ్లు, ఊళ్లోని పాత గుళ్లూ కోట గోడలూ చూపించడానికి తయారయ్యారు. జలపాతం ఎండితే ఊళ్లో చూసేందుకు ఏమీ లేదని అన్నేళ్లూ అనుకున్నవాళ్లే వీళ్లంతా!

నాయుడు వచ్చి వరండాలో పదకొండు మందినీ చూసి ఉగ్రుడయ్యాడు. "ఏమ్మా, అమ్మవారిని బొమ్మల కొలువు జేస్తావా?"

చెంగయ్య డప్పు భుజాన వేసుకుని అడ్డం వచ్చాడు. "సామీ, చాటింపు ఏసేది నేను. ఇన్నోణ్ణి ఇనలేదని నేనెట్ల జెప్పేది?"

నాయుడు మొండివాడే గాని అన్యాయస్థుడు కాదు. కాసేపు మీసం సవరించుకుని తీర్పు చెప్పాడు. "సరే. మూడో దినం బండ వేషంలో అమ్మే ఊరేగతా వాకిలి వాకిలికీ తిడతాది గదా. అమ్మ తన బిడ్డల్నే తిడతాది, పైవాళ్లను తిట్టదు. మీ వాకిట్లో తిడితే మీరు ఊరోళ్లు. తిట్టకుండా పోతే సాయంత్రం బస్సుకి అందురూ పోవాల. నువ్వు గూడా. మిద్దె మామిడోళ్లకు ఇచ్చేస్తా."

ఇందులో చిన్న తిరకాసుంది. తాతల నాటి మొక్కు ప్రకారం ఆ బండ వేషం కట్టేది నాయుడే. పెత్తనమూ ఆయనదే, తీర్పూ ఆయనదే, ఇక తిట్టూ ఆయనదే కావాలి. పంకజమ్మ సరేనంది. గదులు నిండాయి కదా, బోర్డు తిప్పవమ్మా అని మాస్టారు అంటే, "అమ్మ తిట్టినాకే తిప్పతా సార్" అంది. పదకొండేళ్లు ఆగినదాన్ని, మూడు రోజులు ఆగలేనా అనుకున్నాను.

ఆ సాయంత్రం డప్పు మోగింది. పంకజమ్మ గుమ్మంలో నిలబడి, కళ్లు మూసుకుని, చాటింపు మొదటిసారి విన్నది.

మూడో రోజు పొద్దున్నే వీధి చివర డప్పులు వినిపించాయి. నాయుడు ఎర్రచీర కట్టి, ముఖమంతా కుంకుమ మెత్తుకుని, వేపమండలు చుట్టిన కర్రతో వస్తున్నాడు. ఆయనను గుర్తు పట్టడం కష్టమే. ఒక్కో వాకిటా ఆగి నోటికొచ్చినట్టు తిడుతుంటే, తిట్లు తిన్నవాళ్లు దండాలు పెడుతున్నారు. తిట్టకపోతేనే కంగారుపడతారు ఆ ఊరివాళ్లు. మా పదకొండు మందీ వరుసగా నిలబడ్డారు. పంకజమ్మ నిలబడలేకపోయింది. రెండు రోజులుగా చప్పిడి కూడు సహించక పస్తున్న మాస్టారుకి మజ్జిగపులుసు కాస్తానని లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. తలుపు బార్లా తీసే ఉంది కాబట్టి ఆమె నాకు కనబడుతూనే ఉంది.

వేషం మా వాకిట ఆగింది. డప్పులు ఆగాయి. ఎర్రటి ముఖంలో రెండు కళ్లు ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోయాయి. పెదవి కదలలేదు. మాస్టారు చేతులు జోడించాడు. అయినా కదలలేదు. తరవాత ఆ ముఖం పక్కకు తిరిగింది. డప్పులు మళ్లీ మోగి, రెండడుగులు ముందుకు సాగాయి.

లోపల పంకజమ్మకు సంగతి అర్థమైంది. కళ్లనిండా నీళ్లు. ఎదురుగా ముక్కలు మగ్గించడానికి పెట్టిన నూనె కాగుతోంది. ముప్పయ్యేళ్ల చేతి అలవాటు ఆమెను అడగలేదు. ఆవాలు, ఎండుమిర్చి తీసి నూనెలో పడేసింది.

చుయ్యిమంది!

ఆ ఘాటు వీధిలోకి వచ్చేసరికి ఊరేగింపు మొత్తం నిలిచిపోయింది. ఎవరో "అమ్మో, తాలింపు!" అన్నారు. వేషం గిరుక్కున వెనక్కి తిరిగి మా గుమ్మం మీదికి దూకింది.

"ఒసే నెల్లూరు దానా! నీ నోట్లో మన్ను బడ! నీ ఆవాలు ఏట్లో గలవ! ఊరు ఊరంతా చప్పిడి తింటా ఉంటే నీకు మాత్రం తాలింపు గావాల్సొచ్చిందా మే? ఏరా బోడిగుండూ, నీ కోసరమా ఇదంతా? మూడు దినాలు నాలిక గట్టుకోలేవా? మీరేందిరా, కొయ్యబొమ్మల్లాగా నిలబడుకోనుండారు, పొయ్యి ఆర్పండ్రా!"

తిడుతూనే కర్ర ఎత్తి గుమ్మం మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బ నాకు తగిలింది. ఎడమ మూల సొట్టబడి, తీగ మీద గిరగిరా తిరిగి, ఆగాను. పదకొండేళ్ల తరవాత వీధి నా ఎర్ర అక్షరాలను చూసింది.

పంకజమ్మ పరుగున బయటికొచ్చి వేషం కాళ్ల మీద పడింది. "తప్పయిపోయిందమ్మా, పోతాను, ఈ సాయంత్రమే పోతాను."

"యాడికి పోతావు?" చెంగయ్య పగలబడి నవ్వుతున్నాడు. "తిట్టింది గదమ్మా! పైదానివైతే నీ తాలింపుతో అమ్మకేం పని? సొంత బిడ్డ గాబట్టే గదా రెండడుగులు పోయింది గూడా ఎనక్కొచ్చి తిట్టింది!"

అప్పటికి గాని ఆమెకు తట్టలేదు. వీధి ఆడవాళ్లు గొల్లున నవ్వుతూ ఆమెను లేపి కుంకుమ పెట్టారు. ఆమె ఏడ్చింది. దుఃఖమంతా దాచుకున్న మనిషి, భర్త పోయినప్పుడు కూడా గదిలో తలుపేసుకుని ఏడ్చిన మనిషి, ఆవేళ నడివీధిలో అందరి ముందూ ఏడ్చింది. మాస్టారు బోడిగుండు తడుముకుంటూ మురిసిపోయాడు.

సాయంత్రం నాయుడు ముఖం కడుక్కుని, తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. చెవుల వెనక ఇంకా కుంకుమ ఉంది. నా వైపు చూశాడు, పంకజమ్మ వైపు చూశాడు. "వేషంలో అన్న మాట నాది గాదు. ఎనక్కి తీసుకునేదానికి లేదు" అని గొంతు సవరించుకున్నాడు. "మామిడోళ్లకు ఏరే మిద్దె జూపిచ్చినాలే. నువ్వు మాత్రం మళ్లీ తాలింపు ఎయ్యబాకమ్మా."

ఇది జరిగి ఏడేళ్లయింది. జాతర వారంలో ఇప్పుడు మా లాడ్జే కాదు, వీధిలో మరో తొమ్మిది ఇళ్లు అతిథులకు గదులిస్తున్నాయి. చాటింపుకు ముందు వచ్చినవాళ్లే, ఎనిమిది రోజులూ ఉండేవాళ్లే. కొందరు వానాకాలంలో జలపాతానికి కూడా వస్తారు, చుట్టాలింటికి వచ్చినట్టు. పంకజమ్మ నాయుడుపేట పోవడం మానేసింది. వాళ్ల అక్కే సంచి సర్దుకుని సోమవారానికల్లా దిగుతుంది. ఫోనులో కొత్తవాళ్లు "మమ్మల్నీ తిడతారా అండీ, తప్పకుండా?" అని అడుగుతుంటారు. "అది మా ఊళ్లో అమ్మ ఇష్టం. మన చేతిలో లేదు" అంటుంది పంకజమ్మ. మా ఊరు అంటుంది.

గుమ్మం మీద ఇప్పుడు దీపాలు వెలిగే కొత్త బోర్డు ఉంది. నన్ను లోపల గోడకు, ఆమె భర్త ఫొటో పక్కన తగిలించింది. చిల్లుల చుట్టూ తుప్పు పట్టింది. అయినా ఏటా మూడో రోజు పొద్దున్న ఆమె నన్ను దించి, తుడిచి, ఆ పాత మేకుకే తగిలిస్తుంది. నీలంవైపు బయటికి పెడుతుంది. తిప్పాల్సింది తను కాదని ఆమెకు తెలుసు. డప్పులు దగ్గరవుతుంటే నేను తీగ బిగబట్టి ఆ దెబ్బ కోసం ఎదురుచూస్తుంటాను.